చెంగమ్మ చేతి స్ట్రిప్పు

గుడియాత్తంలో చెంగమ్మ చెయ్యి గురించి అడిగితే మూడు వీధులవాళ్ళు చెబుతారు. అడక్కపోయినా చెంగమ్మ చెబుతుంది.

ముప్పై ఒక్క ఏళ్ళు అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసిన చెయ్యి అది. పుల్లల్ని చట్రంలో పేర్చడం ఆడవాళ్ళ పని, ఆ చట్రాన్ని మందులో ముంచడం మగవాళ్ళ పని అని ఏ దేవుడు రాసిపెట్టాడో గానీ ఆ కంపెనీలో అదే చట్టం. ఒకసారి ముంచే బలరామయ్యకు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టాడు. లేచి వచ్చి చూస్తే అతని చోట చెంగమ్మ నిలబడి ఉంది. యజమాని ఇద్దరి చట్రాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. బలరామయ్య ముంచిన పుల్లల్లో ఒకటి గుమ్మడికాయ తల, ఒకటి బోడి తల. చెంగమ్మవి ఒకే తల్లి బిడ్డల్లా ఉన్నాయి. ఆ రోజు నుంచి బలరామయ్య గోదాములో పెట్టెలు మోశాడు. "టైఫాయిడ్ వచ్చిన ఒంటికి మోత మంచిదే" అని చెంగమ్మ ఇప్పటికీ ఎంతో దయగా చెబుతుంది.

తర్వాత కంపెనీకి యంత్రం వచ్చింది. యజమాని చెంగమ్మకు శాలువా కప్పి, చేతిలో ఒక గోడ గడియారం పెట్టి, ఫోటో తీయించి ఇంటికి పంపాడు. పని లేనివాళ్ళకు గడియారం దేనికో ఆ మహానుభావుడికే తెలియాలి.

చెంగమ్మ పుట్టింది పొన్నై పక్కన. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపం వస్తే రెండూ. చదివింది రెండో తరగతి, అదీ తమిళ బడిలో. తెలుగు అక్షరం చూస్తే జిలేబీ అంటుంది, కానీ తెలుగులో ఆమెతో పోట్లాడి గెలిచినవాళ్ళు లేరు. మొగుడు అంకప్ప కట్టడాల మేస్త్రీ. నలుగురిలో గంభీరంగా ఉంటాడు. ఇంట్లో కూడా గంభీరంగానే ఉంటాడు, అక్కడ వేరే దారి లేక.

వీధి చివర ధనపాల్ కూతురు సుగంతి వేలూరులో ఒక ప్రైవేటు కాలేజీలో పరిశోధన చేస్తోంది. ఆ పిల్ల ఒక సాయంత్రం వచ్చి, వెల్లుల్లి ఒలుస్తున్న చెంగమ్మ ముందు గొంతుక్కూర్చుంది.

"పెద్దమ్మా, నీకొక పని ఉండాది. చుక్కలు పెట్టాల."

"ముగ్గుకా?"

"బంగారం మీద."

చెంగమ్మ వెల్లుల్లి వదిలేసింది. "ఎవురిదే బంగారం?"

"ప్లాస్టిక్ పట్టీ మీద పూసిన బంగారం పెద్దమ్మా. కంటికి కనపడీ కనపడనంత. ఆ పట్టీని స్ట్రిప్పు అంటాము. దాని నడాన గుండ్రంగా ఆవగింజంత చోటుంటాది. ఆడ పెప్టైడ్ చుక్క పెట్టాల. ఎక్కువ కాకూడదు, తక్కువ కాకూడదు, గీత దాటకూడదు."

"పెప్టైడ్ అంటే మందా?"

"మందు కాదు. మాంసకృత్తిలో చిన్న తునక. పూసలు గుచ్చినట్టుంటాది. మన ఒంట్లో ఉండే వరస మాదిరే గుచ్చి, నడాన ఒక పూస మాత్రం మార్చి పెడతాము. వేళ్ళ కీళ్ళు వాచిపోయి వంకర్లు తిరిగే వాతం ఉండాదే, ఆ జబ్బుండే వాళ్ళ రక్తం ఆ మారిన పూసను చూస్తే ఊరుకోదు. పోయి పట్టుకుంటాది. పట్టుకుంటే మీటర్లో అంకె పెరుగుతాది. ఇట్ల జబ్బు కనుక్కునేదాన్ని బయోసెన్సర్ అంటారు."

"జబ్బు లేనోళ్ళ రక్తం?"

"చూసి పట్టించుకోకుండా పోతాది."

"మీ నాయన మాదిరి" అంది చెంగమ్మ. "మొన్న సంతలో ఎదురుగా వస్తా కూడా పలకరించలా."

అంత పెద్ద కాలేజీలో చుక్క పెట్టే మనిషి లేకపోవడమేమిటని ఎవరికైనా అనుమానం రావచ్చు. యంత్రం ఉంది. సముద్రాలు దాటి వచ్చింది. వచ్చిన ఆరో నెల పడుకుంది. దాన్ని లేపే మనిషి బెంగళూరు నుంచి రావాలి, అతనికి కావలసిన సామాను ఇంకెక్కడి నుంచో రావాలి. ఆయుధపూజ నాడు బొట్టు పెట్టించుకోవడం ఒక్కటే ఆ ఏడాది అది చేసిన పని. ఇక చేత్తో పెడదామంటే, అక్కడి పిల్లలకు చదువు మెండు, చెయ్యి సున్నా. వసంత్ అనే కుర్రాడు పరిశోధనలో మూడో ఏడు. అతను పెట్టిన చుక్కల్లో ఒకటి ఇడ్లీ, ఒకటి దోసె.

ఆ ప్రయోగశాలకు పెద్ద సురేంద్రన్ సారు. మేల్పాడి వైపు తెలుగు కుటుంబమే. అయితే ప్రయోగశాలలో ఇంగ్లీషు, నడవాలో తమిళం మాట్లాడతాడు. తెలుగు మాట్లాడించాలంటే ఆయనకు బాగా కోపం తెప్పించాలి. చెంగమ్మ వచ్చిన మొదటి వారంలోనే ఆయన తెలుగు బాగా మెరుగుపడింది.

మొదటిరోజు యాభై స్ట్రిప్పులు పరిచి, పిచికారీలాంటి పిప్పెట్ చేతికిచ్చి, రంగునీళ్ళతో చుక్కలు పెట్టమన్నాడు. చేతికి తొడుగు వేసుకోమంటే చెంగమ్మ మూతి ముడిచింది.

"చేతికి మూటగడితే నాకేం తెలుస్తాది సారూ?"

"మీ చెయ్యి మురికి వాటికి తెలియకూడదనమ్మా."

ఆ మాట చెంగమ్మ మనసులో రాసిపెట్టుకుంది. తొడుగు వేసుకుని యాభై చుక్కలూ పెట్టింది. సారు భూతద్దం తెచ్చి వంగి వంగి చూశాడు. వంక పెట్టడానికి ఒక్క చుక్కా దొరకలేదు. నడుము పట్టుకుని లేచి, "పరవాయిల్లే" అన్నాడు. పర్వాలేదట. ముప్పై ఒక్క ఏళ్ళ చేతికి దొరికిన పట్టా అది.

అలా మూడు నెలలు గడిచాయి. రోజూ గుడియాత్తంలో బస్సెక్కి, కే.వి.కుప్పం, కాట్పాడి దాటి వేలూరు చేరడం, తెల్లకోటు వేసుకోవడం, ఏసీ గదిలో చుక్కలు పెట్టడం. వీధిలో అడిగినవాళ్ళకు "డాక్టర్లకు నేర్పిస్తాండాను" అని చెప్పుకుంది. అందులో పెద్ద అబద్ధమేమీ లేదు.

నాలుగో నెలలో చిక్కు వచ్చింది. ఈ మీటరు లెక్కలో ఇరవై లోపు అంకె వస్తే కీళ్ళవాతం లేనట్టు, దాటితే ఉన్నట్టు. ఒకే మనిషి రక్తాన్ని ఐదు స్ట్రిప్పుల మీద వేసి చూస్తే ఎనిమిది, నలభై, పదిహేను, ముప్పై మూడు, తొమ్మిది వచ్చాయి. అంటే ఒక్క మనిషికే జబ్బు లేదు, ఉంది, మళ్ళీ లేదు. సారు నుదురు రుద్దుకున్నాడు. నాలుగు రోజులు రుద్దుకుని, ఐదో రోజు కారణం కనిపెట్టాడు.

"చెంగమ్మా, వయసయింది గదా. చెయ్యి వణుకుతాందేమో."

గదిలో వసంత్ ఉన్నాడు. "అవును సార్, నేను కూడా గమనించాను" అన్నాడు. దోసెలు పోసిన చెయ్యి, చెంగమ్మ చేతిలో వణుకు గమనించింది!

చెంగమ్మ పిప్పెట్ కింద పెట్టింది. "నా చెయ్యి తిట్టు, పడతాను. కొట్టు, పడతాను. వణికిందంటే మాత్రం పడను. ఈ చెయ్యి వణికుంటే గుడియాత్తంలో సగం ఇండ్లలో పొయ్యి అంటుకునుండదు."

"అయితే అంకెలు ఎందుకు తప్పుతాండాయి?"

"అది కనుక్కునేదానికేగదా మీరు అంత చదివినారు?"

సారు ఒక వారం గడువిచ్చాడు. ఆ లోపల అంకెలు కుదురుకోకపోతే, చెంగమ్మ చెయ్యి సరిలేదని రాసి ఆమెను పంపేసి, యంత్రం లేచేదాకా ఆగుతాడట. పోయేది పని ఒక్కటే అయితే చెంగమ్మ లేచి వచ్చేసేదే. కానీ పరిశోధన లెక్కలు రాసే పుస్తకంలో ఆ మాట రాస్తారట. చెంగమ్మ చెయ్యి సరిలేదని, అదీ ఇంగ్లీషులో, ఆమె చదివి తిట్టడానికి కూడా వీల్లేకుండా.

మరునాడు ఆమె చుక్కలు పెట్టి ఊరుకోలేదు. తల పక్కకు వాల్చి, ట్యూబులైటు వెలుగులో ఒక్కో చుక్కనీ అంచు నుంచి చూసింది. అగ్గిపుల్లల తలలు అలాగే చూసేవాళ్ళు. ఏసీ గాలి సూటిగా తగిలే చోట చుక్కలు ఇట్టే ఆరిపోతున్నాయి. ఆరినవి చుట్టూ కట్ట కట్టుకుని, నడుమ బోడిగా ఉన్నాయి. గాలి తగలని మూల ఉన్నవి మాత్రం నిండుగా ఉన్నాయి.

చెంగమ్మకు నవ్వొచ్చింది. ఇదా! అగ్గి కంపెనీలో ఎండాకాలం వడగాలికి మందు గబుక్కున ఆరితే పుల్లల తలలు ఇట్లాగే పగిలేవి. అందుకని కిటికీలకు తడి గోనెపట్టలు వేలాడదీసేవాళ్ళు. మెల్లగా ఆరితేనే మందు సమంగా పట్టుకుంటుంది. రెండో తరగతి చదువులో ఈ పాఠం లేదు గానీ, ఇరవయ్యో ఏటనే ఆమెకు వచ్చు.

సారు దగ్గరికెళ్ళి చెప్పింది. "సారూ, చుక్క తప్పు కాదు, ఆరేది తప్పు. తడిగుడ్డ కట్టాల."

సారు కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు. "ఇది అగ్గిపుల్ల మందు కాదమ్మా, పెప్టైడ్."

"దానికా సంగతి తెలిసినట్టు లేదు సారూ" అని చెంగమ్మ బయటికొచ్చింది.

మరుసటి రోజు సారు చెన్నైలో ఏదో సభకు వెళ్ళాడు. చెంగమ్మ ఇంటి నుంచి నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్ తెచ్చింది. చింతపండు పెట్టి తోమి, వేడినీళ్ళు పోసి, సుగంతి ఇచ్చిన స్పిరిట్‌తో తుడిచింది. అడుగు గిన్నెలో తడిగుడ్డ పరిచింది. పై గిన్నెల్లో స్ట్రిప్పులు పేర్చి చుక్కలు పెట్టింది. తడి పైకి తగలాలని గిన్నెల మధ్య అగ్గిపుల్లలు అడ్డం పెట్టి, మూత వేసి, ఫ్రిజ్‌లో పెట్టింది.

"పెద్దమ్మా, సారు చూస్తే?" అంది సుగంతి.

"చూస్తే సాంబారని చెప్పు."

సారు చూశాడు. తెల్లవారి తొమ్మిదింటికే వచ్చి ఫ్రిజ్ తీశాడు. ఫ్రిజ్ మీద తినే వస్తువులు పెట్టరాదని రెండు భాషల్లో బోర్డు ఉంది, లోపల నాలుగు గిన్నెల క్యారియర్ ఉంది.

"ఇదు యారు సాప్పాడు?" అని అరిచాడు, ఎవరి భోజనమిదని.

సారు మూత తీశాడు. సాంబారు లేదు. నలభై స్ట్రిప్పులు నిగనిగలాడుతూ పడుకుని ఉన్నాయి. ఆయనకు కోపం ఎంత వచ్చిందంటే, మేల్పాడిలో వాళ్ళ అవ్వ మాట్లాడిన తెలుగంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"ఏందమ్మా ఇది! పప్పు తినే గిన్నెల్లో పరిశోధనా? ఎవురైనా వచ్చి చూస్తే నా మొగం యాడ పెట్టుకునేది?"

"గిన్నెలు బాగా తోమినాను నాయనా, మొగం యాడైనా పెట్టుకో. ముందు అంకెలు చూడు."

ఆ తర్వాత తగువు పెట్టుకోకుండా పరీక్షే పెట్టారు. ఆసుపత్రి నుంచి వచ్చిన ఆరు రక్తం గొట్టాలకు సుగంతి పేర్లు చెరిపి నంబర్లు వేసింది. మూడు జబ్బున్నవాళ్ళవి, మూడు లేనివాళ్ళవి. ఒక్కో గొట్టంలోంచి తీసి ఐదేసి స్ట్రిప్పుల మీద వేశారు. మొదటిది ఆరు, ఆరు, ఏడు, ఆరు, ఏడు. రెండోది అరవై, అరవై రెండు, అరవై ఒకటి... ఇలా ఏ గొట్టం అంకెలు ఆ గొట్టానికి ఒక్కచోట నిలబడ్డాయి, జబ్బున్న ముగ్గురూ లేని ముగ్గురూ సరిగ్గా తేలారు. వసంత్ తన ఫోన్‌లో ఏదో చాలా ముఖ్యమైనది చూసుకుంటున్నాడు.

సారు ఇంకా ఒప్పుకోలేదు. చదువుకున్నవాళ్ళు ఒప్పుకోవడానికి చాలా సామాను కావాలి. "తాజా రక్తంతో కూడా చూద్దాం. జబ్బు లేనివాళ్ళం మనమే ఉన్నాం గదా. అందరూ ఒక్కో చుక్క ఇవ్వండి" అన్నాడు. ఒప్పుదల కాగితాలు వచ్చాయి. సంతకం రాదనుకుని వసంత్ చెంగమ్మకు వేలిముద్ర పెట్టె తోశాడు. చెంగమ్మ దాన్ని వెనక్కి తోసి, తమిళంలో తన పేరు నిండుగా, కాగితం సగం నిండేలా రాసింది.

సారుది ఏడు. సుగంతిది ఐదు. వసంత్‌ది ఎనిమిది. చెంగమ్మది డెబ్బై ఒకటి.

సారు మీటరు తుడిచి మళ్ళీ చూశాడు.

"చూసినారా?" అన్నాడు సారు. పాపం, ఆయన గొంతులో కాస్త ఊరట కూడా ఉంది. "ఒకటి తప్పితే మొత్తం తప్పినట్టే."

రెండో స్ట్రిప్పు పెట్టారు. అరవై తొమ్మిది. ముప్పై ఒక్క ఏళ్ళ అగ్గిమందు వేళ్ళల్లో ఊరి ఉంటుందని సారు అనుమానించాడు. సబ్బుతో కడిగించి, ఎడమచెయ్యి గుచ్చి చూశారు. డెబ్బై నాలుగు.

చెంగమ్మ ఆ అంకె వైపు చూసి, తన వేళ్ళ వైపు చూసుకుంది. చూపుడు వేలి కణుపు, నడిమి వేలి కణుపు కొంచెం ఉబ్బి, మెరుస్తున్నాయి. సుగంతి కూడా అటే చూసింది. చెంగమ్మ చెయ్యి పట్టుకుని నడవాలోకి లాక్కుపోయింది.

"పెద్దమ్మా, పొద్దున లేస్తానే వేళ్ళు పట్టేస్తాయా?"

"ఎవురు చెప్పినారు?"

"నేనే అడుగుతాండాను. నిజం చెప్పు."

"బస్సులో కమ్మీ పట్టుకుంటా గదా, దానికి..."

"బస్సెక్కక ముందు?"

చెంగమ్మ నోరు మూసుకుంది. ఆమె నోరు మూసుకోవడమంటే ఒప్పుకున్నట్టే. ఆరు నెలలుగా పొద్దున కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటోంది. రవిక హుక్కులు అంకప్ప పెడుతున్నాడు. కొత్త ఫ్యాషన్ రవికకు హుక్కులు గట్టిగా ఉన్నాయని అతనికి చెప్పింది, అతను నమ్మాడు. తొమ్మిదిన్నర దాటితే వేళ్ళు విచ్చుకుంటాయి. అప్పటికి ఆమె పిప్పెట్ ముందు ఉంటుంది.

సుగంతి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "స్ట్రిప్పే తప్పని అనుకుందాము పెద్దమ్మా. ఇది ఇంకా పరీక్షలో ఉండే వస్తువు. తప్పు చెప్పుండొచ్చు. ఒకటో రెండో తప్పినాయని సారుతో చెప్తాను, నిన్ను పంపొద్దని నేను బతిమలాడతాను."

"ఏమన్నావు?" అంది చెంగమ్మ. "నా స్ట్రిప్పు తప్పు చెప్పిందనా?"

"అదిగాదు పెద్దమ్మా, స్ట్రిప్పు తప్పయితే నీకు జబ్బు లేనట్టు గదా!"

"స్ట్రిప్పు తప్పయితే నా చెయ్యి తప్పు. జబ్బు లేకుండా పనికిరాని చెయ్యి పెట్టుకోని నేనేం చెయ్యాలే? గాజులేసి చూసుకోవాల్నా?"

గదిలోకి తిరిగొచ్చి, సారు బల్ల ముందు నిలబడింది. "సారూ, పెద్దాసుపత్రిలో ఈ జబ్బు కనుక్కునే పరీక్ష ఉండాదా?"

"ఉండాది."

"ఆడ లేదంటే, నా చెయ్యి సరిలేదని నువ్వు రాసుకో. నేనే సంతకం పెడతాను. ఉండాదంటే?"

సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఉందని ఆసుపత్రి చెబితే ఏం చేయాలో ఆయన పుస్తకాల్లో లేదు.

మరునాడు అంకప్ప పని మానుకుని వెంట వచ్చాడు. బస్సులో కూర్చున్నంతసేపూ చెంగమ్మ ఎడమచేత్తో కుడిచేతి కణుపులు ఒత్తుకుంటూ ఉంది. తనతో పుల్లలు పేర్చిన మునియమ్మ గుర్తొచ్చింది. దాని వేళ్ళు పక్కకు వాలిపోయాయి, ఇప్పుడు కోడలు ముద్ద కలిపి పెడుతుంది, పెడుతూ నాలుగు మాటలూ పెడుతుంది. చెంగమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"ఏమే, భయమా?" అన్నాడు అంకప్ప.

"నాకా? కిటికీలో దుమ్మొస్తాది, కండ్లు మండుతాండాయి."

కిటికీ అద్దం మూసి ఉంది. అంకప్ప గంభీరంగా ఊరుకున్నాడు.

రక్తం ఇచ్చి వచ్చిన మూడో రోజు ఫలితం తీసుకోవడానికి వెళ్ళారు. టోకెన్ తీసుకుని రెండు గంటలు కూర్చున్నాక, కలైయరసి అనే చిన్న డాక్టరమ్మ పిలిచింది. ముందు వేళ్ళు ఒక్కోటీ నొక్కి చూసింది. ఎక్స్‌రే వెలుగుకు పట్టింది. తర్వాత కాగితం తీసింది. ఆమె తమిళంలో మెల్లగా, బాధ పెట్టకుండా చెప్పడానికి ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తోంది. చెంగమ్మకు అంత ఓపిక లేదు.

"ఉందా, లేదా?"

"ఉందమ్మా. ఇరవై లోపు ఉండాలి, మీకు నూట ఎనభై ఉంది."

"నా స్ట్రిప్పు డెబ్బై అనింది."

"ఏ స్ట్రిప్పు?"

చెంగమ్మ చెప్పింది. బంగారం, పూసలు, క్యారియర్, తడిగుడ్డ, అన్నీ చెప్పింది. బయట టోకెన్లు పట్టుకున్నవాళ్ళు గొణుగుతున్నా ఆపలేదు. డాక్టరమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది.

"రెండు పరీక్షల కొలత వేరు కాబట్టి అంకె వేరుగా వస్తుంది. కానీ జబ్బు ఉందని రెండూ ఒకే మాట చెప్పాయి."

"ఒకే మాటా?"

"ఒకే మాట."

"అమ్మయ్య" అంది చెంగమ్మ. కుర్చీలో వెనక్కి వాలి, మొహమంతా నవ్వింది.

అంకప్ప మొగుడైన ముప్పై అయిదేళ్ళలో మొదటిసారి నలుగురి ముందు గొంతెత్తాడు. "ఏమే, నీకేమైనా పిచ్చా? జబ్బుందని చెప్తే అమ్మయ్యంటావా?"

"నీకు తెలీదు, ఊరికే ఉండు."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుని, మందుచీటీ రాసింది. ఎముకలు ఇంకా చెడిపోలేదట, తొందరగా బయటపడటం మంచిదయిందట. మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రమాదం అని మూడుసార్లు చెప్పింది. అది ఏ రోజో మొగుడు గుర్తుపెట్టుకోవాలంది. అంకప్ప అక్కడికక్కడే శుక్రవారమని నిర్ణయించాడు. మేస్త్రీ గదా, ఎక్కడైనా ఒక గీత గీయకపోతే నిద్రపట్టదు.

లేవబోతూ చెంగమ్మ ఆగింది. రెండు చేతులూ బల్ల మీద పరిచింది. ఈసారి గొంతు తగ్గింది.

"అమ్మా, ఈ చెయ్యి... ఆవగింజంత చోట చుక్క పెట్టాల. గీత దాటకుండా. పెట్టగలదా?"

"మందు మానకుండా వేసుకుంటే, నెలనెలా వచ్చి చూపించుకుంటే, పెట్టగలదమ్మా."

చెంగమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. డాక్టరమ్మకు దణ్ణం పెట్టి లేచింది.

ఆసుపత్రి నుంచి నేరుగా కాలేజీకి పోయింది. అంకప్పను గేటు దగ్గర వేపచెట్టు కింద నిలబెట్టి, కాగితం పట్టుకుని లోపలికి నడిచింది. సారు, సుగంతి, వసంత్, ఇంకో ఇద్దరు పిల్లలు ఉన్నారు. సారు కాగితం తీసుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. వెనకవైపు తిప్పి చూశాడు. అక్కడేమీ లేదు.

సుగంతి వచ్చి చెంగమ్మను వాటేసుకుంది. "ఏడ్చొద్దు పాపా" అంది చెంగమ్మ. "ఎముక చెడలేదంట. వారానికొక మాత్రంట. శుక్రవారం శుక్రవారం. మీ పెదనాయన దానికి మేస్త్రీ."

సారు గొంతు సవరించుకున్నాడు. "మీ ఒంటికి ఇట్లయిందంటే నాకు బాధగానే ఉండాదమ్మా. పరిశోధన పరంగా చూస్తే మాత్రం, ఆరబెట్టే పద్ధతి మార్చాక స్ట్రిప్పు పనితీరు చాలావరకు..."

"సారూ" అంది చెంగమ్మ. "పరిశోధన పరంగా వద్దు. తెలుగులో చెప్పు."

"ఏం చెప్పాల?"

"నా చెయ్యి సంగతి."

సారు గోడ వైపు చూశాడు. గోడ మీద పెప్టైడ్ బొమ్మ ఉంది, అదేమీ సాయం చేయలేదు.

"మీ చేతిలో తప్పు లేదు."

"వసంత్‌కు వినపడలా."

"నాకు వినపడింది పెద్దమ్మా" అన్నాడు వసంత్ గబగబా.

"నాయనా, నీకు వినపడిందని నువ్వు చెప్పేది కాదు. మొన్న నా చెయ్యి వణికేది కూడా నీకు కనపడింది గదా?"

సారు ఈసారి గట్టిగానే అన్నాడు. "చెంగమ్మ చేతిలో తప్పు లేదు. ఏసీ గాలిలో ఆరబెట్టింది మేము. తప్పు మాది." చెప్పి, ఎవరో తరిమినట్టు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. రెండు నిమిషాలయ్యాక అటు తిరిగే అడిగాడు: "రేపు వస్తారా?"

"వస్తాను. కానీ తొమ్మిదికి కాదు, పదిన్నరకు. తొమ్మిదికయితే నేనొక్కదాన్నే వస్తాను, చెయ్యి రాదు."

"సరే."

"ఆ పుస్తకంలో ఏం రాస్తారు?"

"తడిలో ఆరబెట్టినట్టు రాస్తాము."

"ఎవురు ఆరబెట్టినట్టు?"

సారు వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. "చెంగమ్మ అని రాస్తాను."

"గుడియాత్తం చెంగమ్మ అని రాయి. వేలూరులో కూడా ఇంకో చెంగమ్మ ఉండొచ్చు, రేపు అది వచ్చి నేనే అంటాది."

ఇంగ్లీషులో ఆ ముక్క ఎలా రాయాలో తెలియక సారు సుగంతి వైపు చూశాడు. సుగంతి కోటు చేత్తో మొహం తుడుచుకుని, వచ్చి కీబోర్డు తన వైపు లాక్కుంది. చెంగమ్మ ఆమె భుజం వెనక నిలబడి, అక్షరాలు ఒక్కోటీ తెర మీద పడుతుంటే, ఒక్కటీ చదవరాకపోయినా, చివరిదాకా కదలకుండా చూసింది.